సులువు ఎవరికి? విండోస్, లైనక్స్ నిత్య వాడకంపై విమర్శనాత్మక పరిశీలన

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు

• విండోస్, లైనక్స్‌లను పోల్చేటప్పుడు సాధారణంగా జరిగే పొరపాట్లను గుర్తించగలుగుతారు.
• ఒక ఆపరేటింగ్ సిస్టం ‘సులువు’ లేదా ‘కష్టం’ అనే తీర్పు వెనుక ఉన్న కారణాలను విడదీసి చెప్పగలుగుతారు.
• మీ తెలుగు రాతను ఏ కంప్యూటర్‌లోనైనా తెరుచుకునేలా భద్రపరచుకునే పద్ధతిని వివరించగలుగుతారు.
• మీ పనికి ఏ వ్యవస్థ తగినదో స్వయంగా నిర్ణయించుకోగలుగుతారు.

1. పరిచయం

మీరు గిద్దలూరులోనో, బేస్తవారిపేటలోనో ఉంటున్నారనుకుందాం. ఇంట్లో ఉన్న పాత లాప్‌టాప్‌లో, లైనక్స్ మీద, తెలుగులో పది పేజీల అసైన్‌మెంటు టైపు చేశారు. దాన్ని పెన్‌డ్రైవులో వేసుకొని మార్కాపురంలో డీటీపీ చేసే షాపుకు వెళ్లారు. షాపతను మీ ఫైలులోని పాఠాన్ని కాపీ చేసి పేజ్‌మేకర్‌లో అతికించాడు. తెలుగు అక్షరాలు రావలసిన చోట వరసగా ప్రశ్నార్థకాలు వచ్చాయి.

“ఏందమ్మా ఇది? దేంట్లో కొట్టావు?”

“లైనక్స్‌లో అన్నా.”

“అదీ సంగతి. విండోస్‌లో అను ఫాంటులో కొట్టుకొని రా, నిమిషంలో తీసిస్తా.”

మీరు ఇంటికి తిరిగి వస్తూ ‘లైనక్స్‌తో కష్టమే’ అనుకుంటారు. షాపతను కూడా అదే అనుకుంటాడు. అయితే ఆ పది పేజీలను మీరు విండోస్‌లో, యూనికోడ్ తెలుగులో టైపు చేసి తీసుకువెళ్లినా అవే ప్రశ్నార్థకాలు వచ్చి ఉండేవి. ఎందుకంటే పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు. అంటే తప్పు ఉన్నది ఒకచోట, తీర్పు పడింది మరొకచోట.

విండోస్, లైనక్స్‌ల మీద మన మధ్య జరిగే చర్చల్లో ఎక్కువ భాగం ఇటువంటి తీర్పులే. ఈ పాఠంలో మనం ఏది గొప్పదో తేల్చబోవడం లేదు. ‘సులువు’ అనే మాటను పరీక్షకు పెట్టబోతున్నాం. ఆ సులువు నిజంగా ఆపరేటింగ్ సిస్టంలో ఉందా, లేక దాని చుట్టూ ఉన్న ఫైళ్లలో, మనుషుల్లో ఉందా అన్నది మన ప్రశ్న.

2. రెండు వ్యవస్థల నేపథ్యం

విండోస్ మైక్రోసాఫ్ట్ కంపెనీ సొత్తు. దాని మొదటి రూపం 1985లో వచ్చింది. దాన్ని వాడుకునే అనుమతిని కంపెనీ మనకు అమ్ముతుంది. లోపలి ప్రోగ్రాము రాతను, అంటే సోర్సు కోడును, ఇవ్వదు.

లైనక్స్ అనేది అసలు ఒక కెర్నెల్ పేరు. కంప్యూటర్ యంత్రభాగాలకూ, మనం వాడే ప్రోగ్రాములకూ మధ్య పని నడిపే మూలభాగాన్ని కెర్నెల్ అంటారు. దీన్ని 1991లో ఫిన్లండ్ దేశంలోని హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ రాసి విడుదల చేశాడు. అంతకుముందే, 1983లో, అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టును ప్రకటించాడు. ఎవరైనా వాడుకోవచ్చు, చదవవచ్చు, మార్చుకోవచ్చు, ఇతరులకు పంచవచ్చు అనే స్వేచ్ఛ ఆ ప్రాజెక్టుకు పునాది. గ్నూ పనిముట్లు, లైనక్స్ కెర్నెల్, మరికొన్ని ప్రోగ్రాములు కలిపి ఉబుంటు, లైనక్స్ మింట్, డెబియన్ వంటి పేర్లతో మన చేతికి వస్తాయి. వీటిని పంపిణీలు అంటారు. మన దేశంలో సీడాక్ సంస్థ 2007లో బాస్ లైనక్స్ అనే పంపిణీని విడుదల చేసింది. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ తెలుగువారి కోసం స్వేచ్ఛ పేరుతోనే ఒక పంపిణీని తయారుచేసింది.

3. పోలికలో జరిగే పొరపాట్లు

మొదటి పొరపాటు ధరకు సంబంధించింది. ‘లైనక్స్ ఉచితం, విండోస్‌కు డబ్బు కట్టాలి’ అని దాని అభిమానులు చెబుతారు. మాట నిజమే. కానీ చిన్న పట్టణాల్లో అసెంబుల్ చేయించుకున్న కంప్యూటర్‌లో లైసెన్సు లేని విండోస్ ఎక్కించి ఇవ్వడం అందరికీ తెలిసిన విషయమే. ఆ కొనుగోలుదారుకు రెండూ ఉచితంగానే కనిపిస్తాయి. కనుక ఈ వాదం అతన్ని కదిలించదు. అతను గమనించవలసింది వేరే ఉంది. దొంగ కాపీని నడపడానికి వాడే చిన్న ప్రోగ్రాములు ఎక్కడి నుంచి వచ్చాయో, కంప్యూటర్‌లో ఏం చేస్తున్నాయో ఇచ్చినవారికి కూడా తెలియదు. అక్కడ ధర డబ్బు రూపంలో కాక నమ్మకం రూపంలో పడుతుంది.

రెండవ పొరపాటు ‘లైనక్స్ చదువుకున్న సాంకేతిక నిపుణులకే’ అన్నది. మీ చేతిలోని ఆండ్రాయిడ్ ఫోను నడిచేది లైనక్స్ కెర్నెల్ మీదే. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 8వ తరగతి విద్యార్థులకు పంపిణీ చేసిన టాబ్‌లు కూడా ఆండ్రాయిడ్‌తో పనిచేసేవే. వాటిని పిల్లలకు ఎవరూ కష్టమని చెప్పలేదు. అయితే ఈ వాదాన్ని కూడా జాగ్రత్తగా వాడాలి. ఆండ్రాయిడ్ తెర, లైనక్స్ డెస్క్‌టాప్ తెర ఒకటి కావు. ఫోను సులువుగా ఉండడానికి కారణం, దాన్ని పూర్తిగా సిద్ధం చేసి మనకు అమ్మడం. డెస్క్‌టాప్‌లో ఆ సౌకర్యం విండోస్‌కు దక్కింది. కొన్న లాప్‌టాప్‌లో విండోస్ ముందే ఉంటుంది. లైనక్స్‌ను మనమే ఎక్కించుకోవాలి. ఇల్లు కట్టి తాళం చేతికి ఇచ్చిన వ్యవస్థను, ఇటుకలు ఇచ్చి కట్టుకోమన్న వ్యవస్థతో పోల్చి మొదటిదే నివాసానికి అనుకూలం అనడం న్యాయమైన పోలిక కాదు.

మూడవ పొరపాటు వైరస్‌ల గురించి. జిరాక్స్ షాపుకు, నెట్ సెంటరుకు తిరిగి వచ్చిన పెన్‌డ్రైవులో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోవడం మీలో చాలామందికి అనుభవమే. ఆ వైరస్ విండోస్ కోసం రాసింది కాబట్టి లైనక్స్‌లో నడవదు. అదే పెన్‌డ్రైవును లైనక్స్‌లో పెడితే దాగిన అసలు ఫోల్డరు కనిపిస్తుంది, మీ ఫైళ్లు దక్కుతాయి. ఇది నిజమైన ఉపయోగమే. కానీ దీన్నిబట్టి లైనక్స్‌కు ఏ ప్రమాదమూ లేదని తీర్మానించరాదు. బ్యాంకు పేరుతో వచ్చిన మోసపు లింకును నొక్కి పాస్‌వర్డు ఇస్తే ఏ ఆపరేటింగ్ సిస్టమూ మిమ్మల్ని కాపాడలేదు.

4. తెలుగు రాత: అసలు ముడి

ఇప్పుడు పరిచయంలో చూసిన ప్రశ్నార్థకాల దగ్గరకు తిరిగి వద్దాం. కంప్యూటర్‌లో తెలుగును దాచే పద్ధతులు రెండు ఉన్నాయి.

మొదటిది అను ఫాంట్ల వంటి పాత పద్ధతి. ఇంగ్లిషు అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలను బొమ్మలుగా పెడతారు. తలకట్టు, గుడి, వత్తు వంటి ముక్కలు పక్కపక్కన చేరి తెరమీద తెలుగులా కనిపిస్తాయి. కంప్యూటర్ మాత్రం వాటిని ఇంగ్లిషు గుర్తులుగానే గుర్తుపెట్టుకుంటుంది. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే అర్థంలేని గుర్తుల వరస కనిపిస్తుంది. అందులో ఒక మాటను మామూలు పద్ధతిలో వెతకడం, అకారాది క్రమంలో పేర్చడం సాధ్యం కాదు.

రెండవది యూనికోడ్. ప్రపంచ భాషల లిపులన్నింటికీ ఉమ్మడి పట్టిక ఇది. 1991లో వచ్చిన దాని మొదటి కూర్పులోనే తెలుగు ఉంది. తెలుగుకు 128 స్థానాల వరస కేటాయించారు. ‘స్త్రీ’ అనే మాటను తీసుకోండి. యూనికోడ్‌లో అది స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారపు గుర్తు అనే ఆరు సంకేతాలుగా నిలుస్తుంది. వాటిని కలిపి చూపడం ఫాంటు పని. ఫాంటు మారితే రూపం మారుతుంది, మాట మారదు.

అను ఫాంట్లు, పేజ్‌మేకర్ కలిసి మన పట్టణాల్లో ముద్రణ పనికి వెన్నెముకగా నిలిచాయి. పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు, చిన్న పుస్తకాలు వాటిమీదే తయారయ్యాయి. దీన్ని మూర్ఖత్వం అనడం సరైన విమర్శ కాదు. యూనికోడ్ తెలుగులో అందమైన ఫాంట్లు చాలాకాలం దొరకలేదు. విండోస్ ఎక్స్‌పీతో 2001లో వచ్చిన గౌతమి ఫాంటు చదవడానికి పనికొచ్చింది కానీ శుభలేఖకు అది చాలదు. వేగంగా టైపు చేసే అలవాటు, ఏళ్ల తరబడి పోగైన పాత ఫైళ్లు షాపు యజమానిని ఆ పద్ధతికి కట్టిపడేశాయి.

అయితే ఇప్పుడు ఆ కట్టు బరువుగా మారింది. పేజ్‌మేకర్ చివరి కూర్పు 7.0 విడుదలైనది 2001లో. ఆ తరువాత కొత్త కూర్పు రాలేదు. మరోవైపు సిలికానాంధ్ర చొరవతో మల్లన్న, రామభద్ర, మండలి, గిడుగు వంటి యూనికోడ్ ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో అందుబాటులోకి వచ్చాయి. వాటిని విండోస్‌లోనూ లైనక్స్‌లోనూ వాడుకోవచ్చు. పేజీల కూర్పుకు ఉచితంగా దొరికే స్క్రైబస్, రెండు వ్యవస్థల మీదా నడుస్తుంది.

టైపు చేసే విషయంలోనూ తేడా మనం అనుకున్నంత లేదు. విండోస్ సెట్టింగులలో తెలుగు భాషను చేర్చుకుంటే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు వస్తుంది. విండోస్ 10కు 2019లో వచ్చిన కూర్పుతో ఉచ్చారణను అనుసరించే కీబోర్డు కూడా చేరింది. లైనక్స్‌లో ఐబస్ అనే సాధనం ద్వారా ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, ఆపిల్, పోతన, సరళ వంటి అనేక అమరికల్లో మీ చేతికి అలవాటైనదాన్ని ఎంచుకోవచ్చు. ఈ ఒక్క అంశంలో లైనక్స్ ఇచ్చే ఎంపిక ఎక్కువ. ఏర్పాటు చేసుకునే శ్రమ కూడా కొంచెం ఎక్కువ.

మార్కాపురం రాతిపలకలకు పేరుపొందిన ఊరు. పలకను ఎవరు తయారుచేసినా, బలపం ఏ కొట్లో కొన్నా, పిల్లవాడు రాసిన ‘అ’ను ఎవరైనా చదవగలిగేవారు. కంప్యూటర్‌లో ఆ గుణం దానంతటది రాదు. రాతను దాచే పద్ధతి అందరిదీ అయినప్పుడే వస్తుంది. కనుక మనం మొదట అడగవలసిన ప్రశ్న ‘విండోసా, లైనక్సా?’ అన్నది కాదు. ‘నేను ఈరోజు రాసినది పదేళ్ల తరువాత మరో కంప్యూటర్‌లో తెరుచుకుంటుందా?’ అన్నది.

5. పాత యంత్రం, కరెంటు, డేటా

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. వ్యక్తిగత వినియోగదారులకు భద్రతా అప్‌డేట్లను మరో సంవత్సరం పొడిగించుకునే ఏర్పాటును కంపెనీ కల్పించింది. విండోస్ 11కు 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్థలం, టీపీఎం 2.0 అనే భద్రతా భాగం కావాలి. ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపుగా ఎనిమిదవ తరం, ఆపై వాటినే అది అంగీకరిస్తుంది. అంటే 2015లో కొన్న లాప్‌టాప్ బాగానే పనిచేస్తున్నా ఆ లెక్కలో పాతబడినట్టే. అదే యంత్రంలో లైనక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ వంటి తేలికపాటి పంపిణీ నడుస్తుంది. దానికి కనీసం 2 జీబీ ర్యామ్ చాలు, 4 జీబీ ఉంటే మంచిది. సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్‌తో చదువుకునే దూరవిద్య విద్యార్థికి ఇది చిన్న విషయం కాదు.

అయినా ఇక్కడ ఒక పొరపాటు జరుగుతుంది. చాలామంది పాత హార్డ్‌డిస్కు తీసి ఎస్ఎస్‌డీ వేయించుకొని, అప్పుడే లైనక్స్ ఎక్కించుకొని ‘లైనక్స్‌తో కంప్యూటర్ పరుగెత్తుతోంది’ అంటారు. ఆ వేగంలో పెద్ద వాటా ఎస్ఎస్‌డీది. రెండు మార్పులు ఒకేసారి చేసి ఒకదానికే ఘనత కట్టబెట్టడం పరిశీలన కాదు.

కరెంటు పోయే ఊళ్లలో యూపీఎస్ లేని కంప్యూటర్‌కు అప్‌డేట్ సమయం గండం వంటిది. ‘ఆపవద్దు’ అని తెరమీద రాసి ఉన్నప్పుడే కరెంటు పోతుంది. ఈ ప్రమాదం రెండు వ్యవస్థలకూ ఉంది. లైనక్స్‌లో అప్‌డేట్ మధ్యలో ఆగినా ప్యాకేజీలు చెడవచ్చు. తేడా ఏమిటంటే, లైనక్స్ పంపిణీల్లో అప్‌డేట్ ఎప్పుడు చేయాలో సాధారణంగా మనమే నిర్ణయించుకుంటాం. విండోస్‌లో కొంతకాలం వాయిదా వేయవచ్చు కానీ పూర్తిగా తప్పించుకోవడం కష్టం.

ఇక డేటా. మింట్ ఎక్కించడానికి సుమారు 3 జీబీ ఫైలు దించుకోవాలి. 2005 నుంచి 2011 వరకు ఉబుంటు సీడీలను అడిగినవారికి పోస్టులో ఉచితంగా పంపేవారు. ఇప్పుడు ఆ ఏర్పాటు లేదు. ఫోను హాట్‌స్పాట్ మీద ఆధారపడేవారు విండోస్‌లో ‘మీటర్డ్ కనెక్షన్’ అనే అమరికను పెట్టుకుంటే అప్‌డేట్లు డేటాను ఖర్చుచేయడం తగ్గుతుంది.

6. చుట్టూ ఉన్న మనుషులు

విండోస్ అసలు బలం దాని తెరలో లేదు. అది మొరాయించినప్పుడు సరిచేసే మనిషి ప్రతి వీధిలోనూ ఉన్నాడు. సీపీయూ తీసుకువెళితే సాయంత్రానికి ఫార్మాట్ చేసి ఇస్తాడు. లైనక్స్ మొరాయిస్తే కంభంలోనో, కొమరోలులోనో ఎవరి దగ్గరకు వెళ్లాలి? ‘టెర్మినల్‌లో ఈ ఒక్క ఆజ్ఞ రాయండి చాలు’ అనే సలహా దొరుకుతుంది. ఆ ఆజ్ఞ ఏం చేస్తుందో తెలియకుండా రాయడం తెలియని మందు మింగడం వంటిది. లైనక్స్ అభిమానులు తమ వాదంలో విస్మరించేది ఈ అంశాన్నే. నేర్చుకోలేకపోవడం వాడుకరి బద్ధకమని వారు తేల్చేస్తారు. నేర్పే మనిషి అందుబాటులో లేకపోవడం లోపంగా వారికి కనిపించదు.

పరికరాల సంగతి కూడా ఇటువంటిదే. కొన్ని చవక లేజర్ ప్రింటర్లు కంపెనీ తయారుచేసిన ప్రత్యేక డ్రైవరు లేకుండా పనిచేయవు. ఆ డ్రైవరు విండోస్‌కు చక్కగా దొరుకుతుంది. లైనక్స్‌కు దొరికినా తిప్పలు పెడుతుంది. వ్యాపారులు లెక్కలు రాసుకునే టాలీ విండోస్ కోసం తయారైనది. ఆ ఉద్యోగం కోరుకునేవారు విండోస్ నేర్చుకోక తప్పదు. ఉద్యోగ ప్రకటనల్లో ‘ఎంఎస్ ఆఫీస్ వచ్చి ఉండాలి’ అనే వాక్యాన్ని మీరు చదివే ఉంటారు.

లైనక్స్ తెలుగు మెనూలో ‘ఫైలు’కు బదులు ‘దస్త్రం’ కనిపిస్తుంది. అచ్చమైన మాట కోసం అనువాదకులు పడిన శ్రమ గౌరవించదగినదే. కానీ మన ఊళ్లలో దస్త్రం అంటే తహసీల్దారు కార్యాలయంలోని కట్ట గుర్తుకు వస్తుంది, షాపులో అందరూ ఫైలనే అంటారు. వాడుకకు దూరమైన మాట కూడా ఒక అడ్డంకే. అయితే ఆ అనువాదం నచ్చకపోతే మార్పును ప్రతిపాదించే హక్కు మీకు ఉంది. సోర్సు కోడు చదవలేని సాధారణ పాఠకుడికి కూడా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఇచ్చే నిజమైన అవకాశాల్లో ఇది ఒకటి.

మనుషుల కొరతను తీర్చవచ్చని కేరళ అనుభవం చెబుతోంది. అక్కడి ప్రభుత్వ పాఠశాలల్లో ‘ఐటీ ఎట్ స్కూల్’ ప్రాజెక్టు లైనక్స్‌ను ప్రవేశపెట్టింది. సాఫ్ట్‌వేర్ ఇచ్చి ఊరుకోకుండా ఉపాధ్యాయులకు విస్తృతంగా శిక్షణ ఇచ్చింది. దాంతో అడిగితే చెప్పే మనిషి బడిలోనే తయారయ్యాడు. భారత ప్రభుత్వం 2010లో బహిరంగ ప్రమాణాల విధానాన్ని, 2015లో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ విధానాన్ని ప్రకటించింది. విధానం కాగితం మీద ఉండడానికీ, నేర్పే మనిషి ఊళ్లో ఉండడానికీ మధ్య ఉన్న దూరమే లైనక్స్ ‘కష్టం’గా మనకు అనుభవమవుతోంది.

7. మరి మీరు ఏం చేయాలి?

మొదట మీ రాతను విడిపించుకోండి, తరువాత యంత్రం సంగతి చూడండి. ఇప్పుడు విండోస్ వాడుతున్నా సరే, తెలుగును యూనికోడ్‌లోనే టైపు చేయండి. లిబ్రే ఆఫీస్‌ను విండోస్‌లోనే ఎక్కించుకొని ఒక నెల వాడి చూడండి. మార్పులు చేసుకోవలసిన ప్రతిని ఓడీటీ రూపంలో దాచండి. అది 2006లో అంతర్జాతీయ ప్రమాణంగా గుర్తింపు పొందిన ఓడీఎఫ్ కుటుంబానికి చెందినది. ముద్రణకు ఇచ్చే ప్రతిని పీడీఎఫ్‌గా మార్చి తీసుకువెళ్లండి. పీడీఎఫ్‌లో ఫాంటు కూడా కలిసి ఉంటుంది కనుక షాపతను నేరుగా ప్రింటు తీయగలుగుతాడు. అను ఫాంట్లలో ఉన్న మీ పాత రాతలను యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు ఉన్నాయి. మార్చిన తరువాత ఒత్తులు, గుణింతాలు సరిచూసుకోవడం తప్పనిసరి.

ఆ తరువాత లైనక్స్‌ను పెన్‌డ్రైవు నుంచే నడిపి చూడండి. కంప్యూటర్‌లో దేనినీ చెరపకుండా ఇలా ప్రయత్నించవచ్చు. వైఫై, ధ్వని, ప్రింటరు పనిచేస్తున్నాయో లేదో అప్పుడే తెలుస్తుంది. నచ్చితే, ఫైళ్లన్నింటికీ మరోచోట నకలు తీసుకొని, విండోస్ పక్కనే ఎక్కించుకోవచ్చు. టాలీతోనో, పాత డీటీపీ ఫైళ్లతోనో మీ జీవనం ముడిపడి ఉంటే విండోస్‌నే కొనసాగించండి. అందులో చిన్నతనమేమీ లేదు.

8. సారాంశం

విండోస్ సులువు, లైనక్స్ కష్టం అనే తీర్పు సగం నిజం. విండోస్ సులువులో ముందే ఎక్కించి ఇవ్వడం, సరిచేసే మనుషులు దగ్గరలో ఉండడం, పరికరాల కంపెనీల మద్దతు కలిసి ఉన్నాయి. లైనక్స్ కష్టంలో ఆ మూడూ లేకపోవడమే ఎక్కువగా ఉంది. లైనక్స్ అభిమానులు ఈ లోటును ఒప్పుకోవాలి. విండోస్ వాడేవారు తమ సులువుకు చెల్లిస్తున్న మూల్యాన్ని గుర్తించాలి. ఆ మూల్యం పాతబడిన ఫైళ్లలో, పక్కన పెట్టవలసిన యంత్రాల్లో కనిపిస్తుంది. తెలుగు రాసేవారికి అన్నింటికంటే ముఖ్యమైనది, తమ రాత ఒక షాపుకో ఒక ఫాంటుకో బందీ కాకుండా చూసుకోవడం.

మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి

1. మార్కాపురం షాపులో ప్రశ్నార్థకాలు రావడానికి అసలు కారణం ఏమిటి? దాన్ని లైనక్స్‌కు ఆపాదించడం ఎందుకు సరికాదు?
2. అను ఫాంట్ల పద్ధతికీ, యూనికోడ్ పద్ధతికీ గల తేడాను ‘స్త్రీ’ అనే మాట ఆధారంగా వివరించండి.
3. ‘లైనక్స్ ఉచితం’ అనే వాదం చిన్న పట్టణాల్లో ఎందుకు బలహీనపడుతుంది?
4. మీ ఊళ్లోని ఒక డీటీపీ షాపుకో, ఇంటర్నెట్ సెంటరుకో వెళ్లి, అక్కడ వాడే ప్రోగ్రాములు, ఫాంట్లు ఏమిటో తెలుసుకోండి. వారు విండోస్‌ను విడిచిపెట్టలేకపోవడానికి చెప్పే కారణాలను మీ విమర్శతో కలిపి రెండు పేజీలలో రాయండి.